ఏ తప్పుకి

కూతుర్ని పై గదికి పిలిచారని తెలిసేసరికి కుట్టు పిన్ని ముందున్న దుప్పటి సగం కుట్టి ఉంది. ఆసుపత్రుల నుంచి వచ్చే దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగి పంపే లాండ్రీ అది. చిరిగినవన్నీ ఆమె బల్ల మీదికి వస్తాయి. బల్ల పైన గాజు, గాజు కింద ట్యూబులైటు. దుప్పటి పరిస్తే చిల్లున్నచోటల్లా వెలుగు పొడుచుకొస్తుంది. అలాంటి ఒక వెలుగు చుక్క మీద వేలు పెట్టి, అలాగే ఉండిపోయింది.

"ఎందుకట?" అని అడిగింది, బుట్టలు తోసే మనిషిని.

"ఏమో పిన్నీ. సూపర్‌వైజరు వచ్చి, వేలితో ఇలా అన్నాడు. నీ కూతురు ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వెళ్లింది."

కూతురు దుప్పట్లు ఉతికే డ్రమ్ములో చెయ్యి పడిందేమో అనుకుంది మొదట. చెయ్యి పడిన మనిషిని మెట్లెక్కించరు కదా అని తనే సర్దిచెప్పుకుంది. అయితే ఇంటికేదో అయ్యుంటుంది. గ్యాసు కట్టానా? కట్టాను. కట్టానని అనుకుంటున్నానా, నిజంగా కట్టానా? మిషను తొక్కబోయి దారం తెంపుకుంది. మళ్ళీ సూదికి ఎక్కించబోతే దారం కొస నాలుగుసార్లు పక్కకి తప్పుకుంది.

కూతురు కిందికి దిగింది. ఒంటి మీద ఏప్రన్ లేదు. చేతిలో కవరు ఉంది.

"అమ్మా, నేను ఇంటికెళ్తున్నా. నువ్వు పని చూసుకో."

"ఇప్పుడేంటి ఇంటికి? ఒంట్లో బాలేదా?"

"నాకు బానే ఉంది. వాళ్ళకే బాలేదు."

ఇస్త్రీ రోలర్ దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు అటు తిరిగి చూశారు. ఆవిరిలో వాళ్ళ మొహాలు సరిగ్గా కనపడలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. 

సాయంత్రం ఇంట్లో ఆ కాగితాన్ని ఇద్దరూ దీపం కింద పెట్టుకుని చదివారు. కూతురు పైకి చదివింది. విధుల్లో తీవ్ర నిర్లక్ష్యం. పై అధికారి పట్ల అవిధేయత. ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో శుక్రవారం జరిగే విచారణలో చెప్పుకోవాలి. కావాలంటే తోటి ఉద్యోగుల్లో ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు. అప్పటిదాకా పనిలోకి రాకూడదు.

"ఇంతేనా?"

"ఇంతే."

"వెనక చూడు."

"వెనక ఖాళీయేనమ్మా."

కూతురు కుర్చీలో వెనక్కి వాలి, వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "చేతి తొడుగులు చిరిగాయి, కొత్తవి ఇస్తేగానీ అంటువ్యాధుల వార్డు మూట విప్పనని గొడవ పడ్డానే, అదా? బస్సు దొరక్క ఆలస్యంగా వెళ్ళిన రోజా? లేకపోతే మొన్న సూపర్‌వైజరేదో జోకేస్తే అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. అదేమో."

"నవ్వాల్సింది," అంది తల్లి వెంటనే.

"అమ్మా!"

"నవ్వితే పోయేదేముందే? నోరు నొప్పెడుతుందా?"

"అది కాదు ఇప్పుడు. ఏం చేశానో చెప్పకుండా, చేసినదానికి జవాబు చెప్పమంటే ఏం చెప్పను?"

"తప్పయిపోయిందని చెప్పు. అయిపోతుంది."

"ఏ తప్పు?"

"ఏదో ఒకటి. వాళ్ళకి కావాల్సింది ఆ ఒక్క మాటేగా."

కూతురు లేచి తెల్లకాగితం వెతుక్కుంది. ఏ రోజున, ఏ పనిలో, ఎవరు చూడగా తాను నిర్లక్ష్యం చేసిందో విచారణకి ముందే తెలియజేయమని రాసింది. తల్లి తలుపు గడియ పడిందో లేదో చూసొచ్చింది. కిటికీ మూసింది. మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళింది.

"గడియ పడే ఉందమ్మా. కూర్చో."

"కూర్చుంటే ఊపిరాడట్లేదు."

*

మర్నాడు కూతురు ఆ కాగితాన్ని గేటు దగ్గర వాచ్‌మన్ చేతికిచ్చి, లోపలికి రానివ్వరు కాబట్టి అటునుంచి అటే వెళ్ళిపోయింది. తల్లి లోపలికి నడిచింది. మధ్యాహ్నం టీ గంట కొట్టగానే అందరూ డబ్బాలు తెరుచుకుంటుంటే, ఆమె మాత్రం ఒళ్ళో పడ్డ దారప్పోగులు దులుపుకుని సూపర్‌వైజరు గది వైపు వెళ్ళింది. ఇలా వెళ్తున్నట్టు కూతురికి చెప్పలేదు. చెబితే వెళ్ళనివ్వదు.

ఆయన మర్యాదస్థుడే. ఆమె కనపడగానే కుర్చీ చూపించాడు.

"కూర్చోండి పిన్నీ."

"వద్దు బాబూ. నిలబడే చెప్తాను. చిన్నపిల్ల. నోరు కాస్త పెద్దది, అంతే, మనసులో ఏమీ ఉండదు. తప్పయిపోయింది. ఈసారికి వదిలెయ్యండి. మీ చెల్లెలనుకోండి." ఎప్పుడు పట్టుకుందో తెలియదుగానీ ఆయన రెండు చేతులూ ఆమె చేతుల్లో ఉన్నాయి.

ఆయన మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. "మీరిలా వచ్చి ఒప్పుకున్నారు చూడండి, అదీ పెద్దరికమంటే. ఆ అమ్మాయికి ఆ గుణం లేదు."

"లేదు బాబూ. వాళ్ళ నాన్న పోలిక."

"సరే. చూద్దాం."

చూద్దాం అన్నాడంటే సగం పని అయిపోయినట్టే అనుకుంది. బల్ల దగ్గరికి తిరిగొచ్చి ఆ పూట అరడజను దుప్పట్లకి అతుకులు వేసింది. కుట్టు వంకర పోలేదు. సాయంత్రానికి మాత్రం, చూద్దాం అన్నది ఏ అర్థంలో అన్నాడో అని మళ్ళీ అనుమానం పట్టుకుంది. చూస్తానంటే కనిపెట్టి చూస్తాననేమో. అంతు చూస్తాననేమో.

కూతురు రాసిన కాగితానికి జవాబు రాలేదు. వాచ్‌మన్‌ని అడిగితే, "పైకి పంపించేశానమ్మా, పైనుంచి కిందికి ఏదీ తొందరగా రాదిక్కడ," అన్నాడు.

తోడు వచ్చేవాళ్ళ కోసం కూతురు ఫోన్ల మీద ఫోన్లు చేసింది. బుట్టలు తోసే మనిషికి శుక్రవారం పెళ్ళిచూపులట. మడతలు పెట్టే అమ్మాయి ముందు వస్తానంది, గంట తర్వాత వాళ్ళాయన ఫోను తీసి, రాదన్నాడు. మిగిలింది వదిన. రోలర్ దగ్గర పనిచేసే ఆమెని తనకంటే పెద్దవాళ్ళు కూడా వదిననే పిలుస్తారు. డ్రమ్ములోంచి తీసిన తడి దుప్పట్లని ముందు అందుకునేది ఆమే. అందుకే కూతురికీ ఆమెకీ రోజంతా ఎదురెదురు నిలబడే పని. ఆమె ఫోను ఎత్తలేదు.

గురువారం పొద్దున్న కుట్టు పిన్ని ఆమెని కుళాయి దగ్గర పట్టుకుంది.

"వదినా, ఒక్క గంట పక్కన కూర్చుంటే చాలట. మాట్లాడక్కర్లేదట."

వదిన సీసాలోకి నీళ్ళు పడుతూ కుళాయి వంకే చూసింది. సీసా నిండి నీళ్ళు పొర్లాయి. కుళాయి కట్టలేదు.

"నాకేం తెలీదు పిన్నీ. ఆ మోతలో ఎవరేం అన్నారో ఏం వినపడుతుంది?"

"ఏం విన్నావని నేనడగలేదే."

వదిన కుళాయి కట్టింది. "మా అత్తగారికి కంటి ఆపరేషను. సెలవు చీటీ మీద సూపర్‌వైజరు సంతకం పడాలి. ఇంకా పడలేదు. నా మీద కోపం తెచ్చుకోకు."

"కోపమెందుకే. నేనైతే కుళాయి దగ్గర కూడా ఆగేదాన్ని కాదు, అటే పరిగెత్తేదాన్ని," అంది కుట్టు పిన్ని. అది నిజమే కాబట్టి ఇద్దరూ కొంచెం నవ్వారు.

ఆ సంగతి చెప్పగానే కూతురు అంది: "అయితే నువ్వు రా."

"నేనా? నేను అమ్మనే!"

"అమ్మవే. అక్కడ ఉద్యోగివి కూడా. తోటి ఉద్యోగి అని రాశారు, అమ్మ కాకూడదని రాయలేదు."

ఇద్దరి ఉద్యోగాలూ ఒక్కసారే పోతాయి. ఇల్లుగలాయన సామాన్లు వీధిలో పెడతాడు. మంచం ముందు పెడతాడు, అందరూ చూస్తారు. ఆ మంచానికి ఒక కోడు విరిగితే ఇటుక పెట్టుకున్న సంగతి వీధంతా చూస్తుంది. ఇదంతా ఒక్క క్షణంలో ఆమె కళ్ళముందు తిరిగింది.

"నేనేం మాట్లాడను," అంది.

"వద్దు. కూర్చో చాలు."

*

పై గదిలో పొడుగుబల్ల ఉంది. విచారణ చెయ్యడానికి హెడ్డాఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. బాగా జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది, రుమాలు చేతిలోనే ఉంది. బల్ల చివర టైపు చేసే అతను కూర్చున్నాడు. సూపర్‌వైజరు ఆవిడ పక్కనే కూర్చుని, ఫ్లాస్కులోంచి ఆవిడ కప్పులోకి వేడినీళ్ళు పోస్తున్నాడు. బల్లకి ఇవతల తల్లీకూతుళ్ళకి రెండు కుర్చీలు. కుట్టు పిన్ని కుర్చీ అంచున కూర్చుంది, లెమ్మంటే లేవడానికి వీలుగా.

"తోడు ఎవరమ్మా?"

"మా అమ్మండి."

"అమ్మలూ నాన్నలూ అయితే కుదరదు. ఉద్యోగులే."

"కుట్టు బల్ల దగ్గర పనిచేస్తుందండి. పదేళ్ళ పైనే అయింది."

ఆవిడ పక్కకి చూసింది. సూపర్‌వైజరు అయిష్టంగా తల ఊపాడు.

"సరే. తొందరగా కానిద్దాం. సాయంత్రం నాకు రైలుంది." ఆవిడ కాగితం తీసి, తీవ్ర నిర్లక్ష్యం, అవిధేయత అని చదివింది. "ఏమంటావు?"

"ఏ రోజు సంగతో చెబితే ఏమనాలో తెలుస్తుందండి. చెప్పమని రాసిచ్చాను."

"వచ్చిందా?" అని ఆవిడ పక్కకి తిరిగింది.

"వచ్చిందండి. ఎలాగూ ఇక్కడ మాట్లాడుకుంటాం కదా అని..." సూపర్‌వైజరు ముందుకి వంగాడు. "ఇదంతా కాలయాపనండి. అసలు వీళ్ళమ్మే నా గదికొచ్చి తప్పు ఒప్పేసుకుంది. నా చేతులు పట్టుకుని మరీ."

కూతురు తల తిప్పింది. "అమ్మా?"

ఆ చూపుని ఎదుర్కోలేక కుట్టు పిన్ని బల్ల మీద కప్పుని చూసింది.

"నిజమేనా అమ్మా?" అని అడిగింది అధికారిణి. ఈసారి అడిగింది తల్లినే.

"నిజమేనండి."

"ఏమని చెప్పారు?"

"తప్పయిపోయింది, వదిలెయ్యమని చెప్పాను."

టైపు చేసే అతని వేళ్ళు టకటక కదిలాయి. సూపర్‌వైజరు వెనక్కి వాలాడు. ఆవిడ ముక్కు తుడుచుకుని, తర్వాతి కాగితం కోసం చెయ్యి చాపింది. అయిపోతోందని కుట్టు పిన్నికి అర్థమైంది. ఏదైనా అయిపోయేటప్పుడు ఆమెకి తెలిసిపోతుంది, భయం ఒక్కసారిగా చల్లబడుతుంది. ఇప్పుడు మాత్రం చల్లబడలేదు.

"ఏ తప్పో అడగరేంటమ్మా?" అంది.

"మీరే చెప్పండి."

"నాకు తెలీదు."

"తెలీదంటే?"

"ఎవరూ చెప్పలేదుగా. కాగితంలో లేదు. బాబుగారూ చెప్పలేదు, నేనూ అడగలేదు. భయమేసి చెప్పానమ్మా. నాకది అలవాటు. ఇవాళ బస్సులో ఒకడు నా కాలు తొక్కితే వాడికి కూడా తప్పయిపోయిందని చెప్పి దిగాను." మాట ఆగుతుందేమో అని తనే ఎదురుచూసింది. ఆగలేదు. "ఇప్పుడైనా ఏం చేసిందో చెప్పించండి. విని, అది మా పిల్ల తప్పే అయితే మళ్ళీ చెప్తాను. దానిచేత కూడా చెప్పిస్తాను. తెలీకుండా చెప్పింది మాత్రం దాని లెక్కలో వెయ్యకండి. అది నాది."

ఆవిడకి తుమ్ము వచ్చింది. రెండోది రాబోయి ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని, "ఆగండి, ఇందాకటి మాట తీసెయ్యండి," అంది టైపు చేసే అతనితో. తర్వాత పక్కకి తిరిగింది. "ఏ రోజండీ?"

"పోయిన సోమవారం," అన్నాడు సూపర్‌వైజరు. "అంటువ్యాధుల వార్డు దుప్పట్లు. మరుగునీళ్ళ రౌండు పూర్తవకుండానే డ్రమ్ము తెరిచింది. ఆసుపత్రివాళ్ళు మరకలతో తిప్పి పంపారు. మన పరువు పోయింది."

"ఆ రోజా!" కూతురు సగం లేచింది. "ఆ రోజు తెరవమంది మీరండీ! బండి హారన్ కొడుతోంది, ఒక్క రౌండు తగ్గితే ఎవరూ చావరు, తీసెయ్యమన్నారు. తియ్యనంటే, నా మాటంటే లెక్క లేదా అన్నారు. అప్పుడు తీశాను."

"నేనన్నానా? ఎవరు విన్నారు?"

కూతురు నోరు తెరిచింది. డ్రమ్ముకి ఎదురుగా ఎప్పుడూ ఎవరు నిలబడతారో కుట్టు పిన్నికి తెలుసు. పొర్లిపోయిన నీళ్ళసీసా గుర్తొచ్చింది. బల్ల కింద కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. వదిన పేరు బయటికొస్తే సెలవు చీటీ చిరుగుతుంది. కూతురు ఆ చెయ్యి వంక చూసి, నోరు మూసుకుంది.



"ఫిర్యాదు ఇచ్చిందెవరు?" అంది అధికారిణి.

"నేనేనండి."

"డ్రమ్ము తెరవడం చూసింది?"

"నేనే."

"మరి నా పక్కన ఎందుకు కూర్చున్నారు?"

సూపర్‌వైజరుకి వెంటనే అర్థం కాలేదు. ఆవిడ రుమాలు పట్టుకున్న చేతితో బల్లకి ఇవతలి వైపు చూపించింది. ఆయన లేచాడు. కుర్చీ ఎత్తుకోవాలో, ఈడ్చుకోవాలో తేలక కొంచెం ఎత్తి కొంచెం ఈడ్చాడు. తల్లీకూతుళ్ళకి రెండడుగుల దూరంలో వేసుకుని కూర్చున్నాడు. అలవాటు కొద్దీ కుట్టు పిన్ని తన కుర్చీ కాస్త పక్కకి జరిపి ఆయనకి చోటిచ్చింది.

అధికారిణి చెబుతుంటే టైపు చేసే అతను కొట్టాడు. ఏ రోజు, ఏ పని, ఏ మూట అనేది రాసి అమ్మాయికి ఇవ్వాలి. ఆసుపత్రి పంపిన కాగితం చూపించాలి. ఆమె అడగదలుచుకున్నవాళ్ళని పిలిపించాలి. విచారణ వచ్చే శుక్రవారానికి వాయిదా. తీర్పు ఇచ్చేదాకా ఉద్యోగం తియ్యడం లేదు.

"ఈ అమ్మాయి మిమ్మల్ని కూడా ప్రశ్నలు అడగొచ్చు," అంది చివర్లో.

"నన్నా?" అన్నాడు సూపర్‌వైజరు.

"మిమ్మల్నే. సాక్షి మీరేగా." ఆవిడ టైము చూసుకుని కాగితాలు సర్దుకుంది.

*

మెట్లు దిగుతూ కూతురు కిందిమెట్టు మీద ఆగింది.

"ఎప్పుడెళ్ళావు?"

"బుధవారం."

"కాళ్ళు పట్టుకున్నావా?"

"లేదు. చేతులే."

కూతురికి నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. మోచేత్తో తుడుచుకుంది. "నా తరఫున ఇంకెప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పకు."

"సరే."

"సరే అనకు. నువ్వు అన్నిటికీ సరే అంటావు."

తల్లి ఆమె భుజం మీద లేని దారప్పోగుని తీసింది. కూతురు గేటు వైపు వెళ్ళిపోయింది. వీధి దాటేటప్పుడు అటూ ఇటూ చూసిందో లేదో కనపడలేదు.

ఇంకా సగం పూట పని మిగిలి ఉంది. కుట్టు పిన్ని బల్ల కింద లైటు వేసుకుని దుప్పటి పరిచింది. చిల్లులు వెతకబోతే అన్నీ చిల్లుల్లాగే కనపడ్డాయి.

కాసేపటికి సూపర్‌వైజరు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"ఎందుకు పిన్నీ ఇంత దూరం? వచ్చే శుక్రవారందాకా లాగడమెందుకు? తప్పు జరిగింది, ఇకపై జరగదని ఒక సంతకం పెట్టించండి. చిన్న వార్నింగుతో పోతుంది. రేపే పనిలోకి రావచ్చు. నేను మాటిస్తున్నా."

రేపే. బుధవారం ఆయన చేతులు పట్టుకుని ఆమె అడిగింది సరిగ్గా ఇదే. సరే అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. దుప్పటి అంచుని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"నాకు నచ్చింది బాబూ," అంది. "అబద్ధమెందుకు, చాలా నచ్చింది. కానీ సంతకం నాది కాదుగా. దాన్నే అడగండి. ఆ గదిలో, ఆవిడ ముందు అడగండి."

"రేపు మీరిద్దరూ ఇక్కడే పనిచెయ్యాలి. అది కూడా ఆలోచించుకోండి." చాలా నెమ్మదిగా అన్నాడు.

"దాని గురించే ఆలోచిస్తున్నా బాబూ. చూడండి, చెయ్యి ఎలా వణుకుతోందో," అని చూపించింది కూడా.

అప్పుడు రోలర్ మోత ఆగింది. మామూలుగా అది మధ్యలో ఆగదు. అందరూ తలెత్తారు. వదిన తడి దుప్పటి రెండు మూలలూ పట్టుకుని నిలబడి ఉంది, నీళ్ళు చెప్పుల మీద కారుతున్నాయి.

"సార్, పై గదికి నన్ను కూడా పిలవమనండి."

"నిన్నెందుకు?"

"సోమవారం డ్రమ్ము ఇవతల నేనున్నాను."

సూపర్‌వైజరు ఆమెని చూశాడు, మిగతా ఆడవాళ్ళని చూశాడు. "ముందు మిషను వెయ్యి, పని ఆగిపోతోంది," అని మెట్ల వైపు నడిచాడు.

వదిన మీట నొక్కింది. రోలర్ తిరగడం మొదలైంది, ఆవిరి లేచింది. ఆమె తోటిది ఎక్కడికో వెళ్ళినట్టుంది, రెండో వైపు ఎవరూ లేరు. దుప్పటి ఒక పక్కకి లాగేసుకుంటూ వంకరగా లోపలికి పోతోంది. కుట్టు పిన్ని బల్ల దగ్గర్నుంచి లేచి, దాదాపు పరిగెత్తినట్టే వెళ్ళి, అవతలి అంచు అందుకుంది.

"మీ అత్తగారి కన్ను మాటేంటే?"

"ఏమో పిన్నీ. నోట్లోంచి వచ్చేసింది."

"పిచ్చిదానా! ఇప్పుడు నీ గురించి కూడా బెంగ పెట్టుకోవాలా నేను?"

 దుప్పటితోపాటు వదిన వేళ్ళు రోలర్‌కి మరీ దగ్గరగా జరిగాయి.

"ఇలా పట్టుకో, వెనక్కి," అంది కుట్టు పిన్ని, దుప్పటిని తనవైపు గట్టిగా లాగి సరిచేస్తూ. "చెయ్యి కాలుతుంది."